అత్తమ్మకు గాజుబట్ట పాఠం

పెళ్లయిన కొత్తలో మా అత్తమ్మ నన్ను చుట్టాలకు పరిచయం చేసే తీరు ఒకటుండేది. కోడలు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుందని గర్వంగా మొదలుపెట్టేది. ఏ పాఠాలని అవతలివాళ్లు అడిగేలోపే, "బట్టకు బంక పెట్టుడు" అని తనే ముగించేది. వాళ్లు మర్యాదగా తలూపి నా ప్లేట్లో ఇంకో లడ్డూ వేసేవాళ్లు. వరసకు వదినయ్యే ఒకామె అయితే నేను కుట్టుపని నేర్పుతాననుకుని, పండక్కి జాకెట్టు గుడ్డ కూడా తెచ్చిచ్చింది. కుట్టించి పంపడానికి నేను పడ్డ అవస్థ నాకే తెలుసు.

ఆ మాట అత్తమ్మ ఊరికే కల్పించలేదు. పెళ్లిచూపులనాడు ఏం పాఠం చెబుతావని ఆమె అడిగితే, కాంపోజిట్లు అన్నాను. అంటే ఏందని అడిగింది. గాజును కరిగించి సన్నటి దారాలుగా తీస్తారని, ఆ దారాలతో బట్టలాంటిది చేస్తారని, దానికి రెజిన్ అనే జిగురు పట్టించి ఆరనిస్తే తేలిగ్గా, గట్టిగా ఉండే వస్తువు తయారవుతుందని చెప్పాను. పడవలు, బస్సుల ముందు భాగాలు, నీళ్ల ట్యాంకులు అలాగే చేస్తారన్నాను. విమానాల దాకా వెళ్లాను. అత్తమ్మ అంతా శ్రద్ధగా విని, అందులోంచి బట్టనూ బంకనూ మాత్రం ఉంచుకుని మిగతాదంతా నాకు తిరిగిచ్చేసింది.

మా అత్తవారిది బేగంబజార్లో సామాన్ల దుకాణం. కింద దుకాణం, దాని వెనక గోదాము, పైన ఇల్లు. స్టీలు, ఇత్తడి, రాగి తప్ప వేరే సరుకు అమ్మరు. మామయ్యకు ఏ వస్తువు కనిపించినా వేలి కణుపుతో కొట్టి చూసే అలవాటు. బిందెను కొట్టి చూస్తే అది వ్యాపారం. ఆయన పుచ్చకాయను, తలుపును, నా లాప్‌టాప్‌ను కూడా కొట్టి చూసేవాడు. మోగే తీరును బట్టి సరుకు మంచిదో కాదో తేల్చేవాడు. నా లాప్‌టాప్ ఆయన పరీక్షలో తప్పింది.

ఒకరోజు భోజనాల దగ్గర ఆయన నా పాఠం సంగతి ఎత్తాడు. "రెండు కలిపినమంటే గది కల్తీయే గద బిడ్డా" అన్నాడు, ఎంతో దయగా. పెళ్లయి రెండు నెలలు కూడా కాని కోడలిని నొప్పించకూడదన్న దయ అది.

మరి ఇత్తడి మాటేమిటని అడిగాను. రాగిలో జింకు కలిపితేనే కదా ఇత్తడి. అది వేరన్నాడాయన. వేరేనని నేనూ ఒప్పుకున్నాను. ఇత్తడిలో రాగీ జింకూ ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి, ఏది ఎక్కడుందో వేరుచేసి చూపించలేం. నా వస్తువులో అలా కాదు. గాజు గాజుగానే ఉంటుంది, జిగురు జిగురుగానే ఉంటుంది. గాజు దారాన్ని పట్టి లాగితే చాలా బరువు ఓర్చుకుంటుంది, కానీ దారం కాబట్టి నిలబడమంటే వంగిపోతుంది. జిగురు ఒక్కటే గట్టిపడితే పెళుసుగా పగిలిపోతుంది. రెండూ కలిశాక దారాలు బరువు మోస్తాయి. జిగురు వాటిని చెదరకుండా పట్టుకుని, ఒక దారం మీది బరువును పక్క దారానికి అందిస్తుంది, తడి తగలకుండా కాపాడుతుంది. ఇదంతా చెప్పేసరికి నా కంచంలో అన్నం చల్లారిపోయింది.

పప్పు వడ్డిస్తున్న అత్తమ్మ చేయి ఆపకుండానే, "పల్లిపట్టి లెక్క" అంది.

పల్లీలు పల్లీలుగానే, బెల్లం బెల్లంగానే ఉండి, రెండూ కలిసి పలకలా నిలబడతాయి. నేను మూడేళ్లుగా చెబుతున్న పాఠంలో అంత సులువైన ఉదాహరణ లేదు. మర్నాడు క్లాసులో అదే చెప్పాను. పిల్లలు నమూనా కావాలని అడిగారు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అత్తమ్మ, "నేను చెప్పిన్నని చెప్పినవా?" అని అడిగింది. చెప్పలేదన్నాను. ఆమె లోపలికి వెళ్లింది. ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లో ఎవరు పల్లీలు తిన్నా నా వైపు ఓ చూపు చూసేది.

వేసవి వచ్చింది. వెనక వరండాలో మా ఆయన చిన్నప్పటినుంచీ ఉన్న పెద్ద ఇనప కూలర్ ఒకటుంది. అది తిరుగుతుంటే మాటలు వినపడవు కానీ గది మాత్రం చల్లబడుతుంది. ఆ ఏడాది దాని అడుగున నీళ్లు నిలిచే తొట్టి తుప్పుపట్టి కారడం మొదలైంది. ఆ నీళ్లు వరండా నేలలోంచి ఇంకి, సరిగ్గా కింద గోదాములో గ్లాసుల అట్టపెట్టెల మీద పడేవి. వెల్డింగ్ చేసే ఆయన్ను పిలిపిస్తే, స్క్రూడ్రైవర్‌తో అడుగున రెండు చోట్ల పొడిచి చూశాడు. రెండు చోట్లా కొత్త బెజ్జాలు పడ్డాయి. "ఇస్మే లోహా కిధర్ హై సేఠ్, పూరా జంగ్ హై" అన్నాడు. ఇనుము లేదు, ఉన్నదంతా తుప్పేనని తేల్చి చాయ్ తాగి వెళ్లిపోయాడు.

కొత్తది కొందామన్నాడు మా ఆయన. ఇప్పుడొచ్చేవన్నీ ప్లాస్టిక్‌వేనని మామయ్య ముఖం చిట్లించాడు. అత్తమ్మకు ఆ పాత కూలర్ గాలి తప్ప వేరే గాలి పడదట. అందరూ దిగులుగా ఉన్న ఆ సమయంలో, నేను బాగుచేస్తానన్నాను. తొట్టి లోపల గాజుబట్ట పరిచి రెజిన్ పట్టిస్తే తొట్టిలో ఇంకో తొట్టి తయారవుతుంది, పాత ఇనుము దానికి అచ్చులా ఉంటే చాలు. లెక్క ప్రకారం ఇందులో తప్పేమీ లేదు.

అయితే నేను చెప్పే పాఠంలో లెక్కలెక్కువ. ల్యాబులో రెజిన్ కలిపేది అక్కడి టెక్నీషియన్. నేను పక్కన నిలబడి, ఇప్పుడు ఏం జరుగుతోందో పిల్లలకు వివరిస్తుంటాను. ఈ తేడా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాక్కూడా అప్పటిదాకా అంతగా తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు హమాలీలు కూలర్‌ను మిద్దె మీదికి చేర్చారు. గడ్డి తడకలు, ఫ్యాను, మోటరు తీసేసి, తొట్టిని ఎండలో ఆరబెట్టి పెట్టుకున్నాను. చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కు, కళ్లద్దాలు వేసుకున్నాను. అత్తమ్మ నీటిట్యాంకు నీడలో పీట వేసుక్కూర్చుంది. మామయ్య దుకాణం మూసే రోజు కాబట్టి ఆయనా వచ్చాడు. మా ఆయన ఫోన్లో వీడియో తీస్తానన్నాడు, నేను వద్దనలేదు. స్నానాలగదిలోని ప్లాస్టిక్ మగ్గు నిండా రెజిన్ పోసి, హార్డెనర్ కొలిచి కలిపి, అది ఎందుకు గట్టిపడుతుందో చెప్పడం మొదలుపెట్టాను.

ల్యాబు ఏసీ గది. మా మిద్దె మే నెల మిద్దె. పైగా రెజిన్ గట్టిపడేటప్పుడు తనంతట తనే వేడెక్కుతుంది. పలచగా పరిస్తే ఆ వేడి గాలికి పోతుంది. మగ్గు నిండా ముద్దగా ఉంచితే ఎటూ పోలేక, వేడి వేడిని పెంచుతుంది. ఇదంతా పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. జవాబు నాకు కంఠతా వచ్చు. బట్టను తొట్టిలో సర్ది, బ్రష్షు మగ్గులో ముంచి పైకి తీయబోతే రాలేదు. మగ్గులోంచి పొగ రావడం మొదలైంది. కింద పెట్టి దూరంగా జరిగాను. మేం చూస్తుండగానే మగ్గు ఒక పక్కకు మెత్తబడి, అలసిపోయిన మనిషిలా వాలిపోయింది. మధ్యలో బ్రష్షు మాత్రం నిటారుగా నిలబడి ఉంది.

ఎవరూ నవ్వలేదు. అదే కష్టమైన సంగతి. పొగ తగ్గాక, చల్లారాక, మామయ్య లేచొచ్చి ఆ ముద్దను కణుపుతో కొట్టి చూశాడు.

"సప్పుడైతే మంచిగనే ఉంది" అన్నాడు.

అప్పుడు అత్తమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన వీడియో ఆపేసి మెట్లు దిగిపోయాడు, వెనకే వాళ్లిద్దరూ దిగారు. కింద వాళ్లు ముగ్గురూ నవ్వుతున్న చప్పుడు మిద్దె మీదికి వినిపించింది. ఆ ముద్దను అత్తమ్మ పారేయనివ్వలేదు. గాలికి కొట్టుకునే వంటింటి తలుపుకు అడ్డం పెట్టింది. బ్రష్షు పిడిని పట్టుకుని అటూ ఇటూ జరపడానికి అనువుగా ఉందని వచ్చినవాళ్లందరికీ చూపించేది.

మరుసటి ఆదివారం తెల్లారగానే, ఎండ రాకముందే, నేను ఎవరికీ చెప్పకుండా మిద్దె ఎక్కాను. కాసేపటికి అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, చేతులకు నా తొడుగుల జత ఇంకోటి తొడుక్కుని వచ్చింది. ముక్కుకు మాస్కు ఆమె అడగకముందే ఇచ్చాను. ఒక్క చేతి పని కాదనిపించి వచ్చానంది. నన్ను ఓదార్చడానికి వచ్చిందో, ఈసారి దగ్గరనుంచి చూడాలని వచ్చిందో తెలియదు.

తుప్పు గీకే పని ఆమె తీసుకుంది. మాడిన గిన్నె తోమే పట్టుదలతో గరుకు కాగితం పెట్టి రుద్దింది. రెజిన్ పట్టుకోవాలంటే ఉపరితలం శుభ్రంగా, గరుగ్గా ఉండాలని నేను చెబుతూనే ఉన్నాను, ఆమె రుద్దుతూనే ఉంది. మగ్గు బదులు వెడల్పాటి స్టీలు తాంబాళం తెచ్చింది. అది దుకాణంలోని కొత్త సరుకని నాకు తర్వాత తెలిసింది. ఈసారి రెజిన్ కొంచెం కొంచెంగా పోసి, హార్డెనర్ తగ్గించి కలిపాను. కలిపింది తాంబాళంలో పలచగా పరుచుకుని ఉండడంతో వేడెక్కలేదు. అది చిక్కబడ్డాక పూద్దామని, బెల్లం పాకం కూడా తీగ వచ్చేదాకా ఆగుతామని అత్తమ్మ అంది. చిక్కబడిందంటే మన పని అయిపోయినట్టేనని చెప్పి తొందరపెట్టాను. ఆమెకు నచ్చలేదు కానీ ఒప్పుకుంది.

గాజుబట్టను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది.

"గిదేంది బిడ్డా, గిట్ల అడ్డదిడ్డంగ ఉన్నయ్ దారాలు? నేసినోనికి శాతకాలేదా?"

"కావాలనే గట్ల పరుస్తరు అత్తమ్మా. దారం ఎటు దిక్కుంటే అటే బలం. తొట్టిల నీళ్లు అన్ని దిక్కులా తోస్తయి గద, అందుకే అన్ని దిక్కులా దారాలు."

"ఒక్క దిక్కే బరువుంటే?"

"అప్పుడు ఒక్క దిక్కే పెడ్తం."

ఆమె తలూపింది. ఆ ప్రశ్న దాకా రావడానికి నా క్లాసులో పిల్లలకు రెండు వారాలు పడుతుంది. వాళ్లకు ఈ మాట చెప్పలేదు, చెబితే నన్నే తప్పుపడతారు.

రెజిన్ పూసి, బట్ట వేసి, దాని మీద మళ్లీ పూసి, బ్రష్షుతో నొక్కాలి. రుద్దితే దారాలు చెదిరిపోతాయి. లోపల గాలి బుడగలు మిగిలితే అక్కడే బలహీనమవుతుంది, అక్కడే నీళ్లు దారి చూసుకుంటాయి. ఈ మాట వినగానే అత్తమ్మ బ్రష్షు పక్కన పడేసి, తొడుగున్న వేళ్లతో గిన్నెలో సర్వపిండి రొట్టె వత్తినట్టు మధ్యలోంచి అంచులకు వత్తుకుంటూ పోయింది. బుడగలు ఒక్కొక్కటే అంచుదాకా వచ్చి పోయాయి. మూలల్లో నా పనికీ ఆమె పనికీ తేడా ఇప్పటికీ కనిపిస్తుంది. నా మూలల్లో రెండు బుడగలున్నాయి. వాటిని ఆమె మనుషులకు చూపిస్తుంది.

రెండు రోజులు ఆరనిచ్చి నీళ్లు పోశాం. మామయ్య గోదాములోకి వెళ్లి అట్టపెట్టెల మీద చేయి పెట్టి చూసి వచ్చాడు. మళ్లీ సాయంత్రం వెళ్లి చూసి వచ్చాడు. ఒక్క చుక్క లేదు. తొట్టిని కొట్టి చూస్తే మాత్రం మొద్దుగా పలికింది. మోగని వస్తువు మీద ఆయనకు నమ్మకం కుదరలేదు కానీ, ఆ వేసవంతా కూలర్ ముందు మంచం ఆయనదే. తాంబాళం సంగతి తెలిసినప్పుడు మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చావింట్లో వాళ్లను పలకరించినట్టు పలకరించాడు.

ఆ తర్వాత మా గల్లీలో విరిగినవన్నీ మా మెట్లెక్కాయి. అత్తమ్మ ఒప్పుకోవడమే పనిగా పెట్టుకుంది. పగిలిన ఫైబర్ కుర్చీ, అంచు పోయిన సంపు మూత, ఎవరిదో స్కూటర్ ముందు భాగం. "మా కోడలు చేస్తది, ఏం ఫికర్ లేదు" అని మాట ఇచ్చేసేది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వరండాలో పాత సామాన్లవాడి బండిలా ఉండేది. చాలావాటిని ఆదివారాలు ఇద్దరం కూర్చుని బాగుచేశాం. ఆమె చేతి వాటం రోజురోజుకూ మెరుగైంది. నా వివరణలు రోజురోజుకూ కుదించుకుపోయాయి, ఎందుకంటే సగంలోనే ఆమె పూర్తిచేసేది.

అలా ఒకరోజు ఎదురింటామె తన నీళ్ల డ్రమ్ము పంపించింది. నీలం రంగు ప్లాస్టిక్‌ది, అడుగున చీలింది. నేను చూడగానే ఇది కాదన్నాను. ఆ రకం ప్లాస్టిక్‌కు రెజిన్ అంటుకోదు, నూనె గిన్నె మీద నీటిచుక్కలా నిలుస్తుందే తప్ప పట్టుకోదు. పరీక్ష పేపర్లు దిద్దే రోజులవి. తప్పించుకోవడానికి చెబుతున్నానని అత్తమ్మ అనుకుంది. అలాంటివి ఎన్ని అంటించలేదంది. ఇనుముకు అంటింది, చెక్కకు అంటింది, ఇది ఎక్కడి మహారాణి అని అడిగింది. నేను మళ్లీ చెప్పి, కాలేజీకి వెళ్లిపోయాను.

తిరిగొచ్చేసరికి డ్రమ్ము మిద్దె మీద బోర్లించి ఉంది. అతుకు చూస్తే ముచ్చటేసింది. ఒక్క బుడగ లేదు, అంచులు తీర్చినట్టున్నాయి, గాజుబట్ట ఎక్కడా పైకి లేవలేదు. అంత చక్కటి పని నేను ఈ రోజుకూ చేయలేను. అత్తమ్మ నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. చాలా బాగుందన్నాను, నిజం అదే. మిగతా నిజం చెప్పలేదు.

మూడోనాడు ఎదురింట్లో నల్లా నీళ్లు వచ్చినప్పుడు డ్రమ్ము నింపారు. నిండే దాకా బాగానే ఉందట. ఆ తర్వాత అతుకు మొత్తం, ఎక్కడా పగలకుండా, విరగకుండా, పెనం మీంచి దోసె లేచినట్టు చక్కగా లేచొచ్చింది. నీళ్లు వాళ్ల మెట్లు దిగి, గల్లీ దాటి, మా దుకాణం మెట్ల దాకా వచ్చాయి. మామయ్య గల్లా దగ్గర కూర్చుని చెప్పులు పైకి తీసుకున్నాడట. ఎదురింటామె ఆ అతుకును చేత్తో పట్టుకొచ్చి అత్తమ్మకు ఇచ్చింది. పెద్ద లొల్లి చేయలేదు, అంత అందంగా ఉన్నదాన్ని తిట్టడానికి ఆమెకూ మనసు రాలేదనుకుంటాను.

సాయంత్రం నేను వచ్చేసరికి అత్తమ్మ దాన్ని ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. ఈసారి ఆటపట్టించే వంతు నాదని నాకు తెలుసు. చేతులు కడుక్కుని, చాయ్ పెట్టుకుని, ఎదురుగా కూర్చుని, ఆ వంతును తొందరపడకుండా వాడుకున్నాను. దీన్ని కాలేజీలో చూపిస్తానన్నాను. ఇంత నున్నటి అతుకు మా ల్యాబులో ఎవరూ చేయలేదన్నాను. అన్నీ పట్టుకునే బంక పట్టుకోనిది ఇదొక్కటేనని చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది. తర్వాత దాన్ని రెండు చేతులతో వంచి చూసి, "ఇది పగల్లేదు గద. డ్రమ్ము కూడా మళ్ల పగల్లేదు. మరి పోయిందేంది?" అంది.

అప్పుడు ఆటపట్టించడం ఆపి చెప్పాను. దారం ఎంత గట్టిదైనా, జిగురు ఎంత గట్టిదైనా, రెండూ కలిసే చోట పట్టు లేకపోతే ఏదీ నిలవదు. గాజు దారాలను బట్టగా చేసేముందు వాటికి ఒక పలచటి పూత వేస్తారు, రెజిన్ వాటిని పట్టుకోవడానికే. ఆ పూత లేకపోతే మన కూలర్ తొట్టి కూడా ఇలాగే పొరలు పొరలుగా విడిపోయేది. పోయింది గాజూ కాదు, డ్రమ్మూ కాదు, మధ్యనున్న పట్టు.

అత్తమ్మ అతుకును తిరగేసి, డ్రమ్ముకు ఆనిన వైపు వేలితో రాసి చూసింది.

"గీ ముచ్చట ముందే చెప్పరాదు?"

"చెప్పిన అత్తమ్మా. రెండుసార్లు చెప్పిన."

"గట్టిగ చెప్పలే నువ్వు" అంది.

ఎదురింటామెకు మామయ్య దుకాణంలోంచి స్టీలు డ్రమ్ము తీయించి పంపాడు. పంపేముందు నా ముందూ అత్తమ్మ ముందూ పెట్టి కొట్టి వినిపించాడు. ఆ వారమంతా ఆయన ముఖంలో ఉన్న వెలుగు మా పెళ్లిలో కూడా చూడలేదు.

ఆ తర్వాత అత్తమ్మ ఏ వస్తువు వచ్చినా ముందు అది దేనితో చేసిందని అడగడం నేర్చుకుంది. తెలియకపోతే నాకు ఫోన్లో ఫోటో పంపేది, క్లాసు మధ్యలో. ఫోటోలో సగం ఆమె బొటనవేలే ఉండేది.

పోయిన ఏడాది వానలు తగ్గాక మలక్‌పేట నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ల స్నానాలగది రేకు తలుపు అడుగు భాగం నీళ్లకు తుప్పుపట్టి పోయిందట, అక్క ఏవేవో అంటిస్తుందని విన్నదట. ఇద్దరం ఆటోలో బయల్దేరాం. రెజిన్ డబ్బా అత్తమ్మ తన పక్కనే, మూత మీద చేయి వేసి పెట్టుకుంది. నాకు గాజుబట్ట చుట్ట ఇచ్చింది.

అక్కడ తలుపు ఊడదీయించి, బయట నీడలో పడుకోబెట్టించి, తనే గీకి, తనే తుడిచి, చెల్లెలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టింది. దారం బరువు మోస్తుందని, బంక దాన్ని పట్టుకుంటుందని, రెండింటి మధ్య పట్టు లేకపోతే అంతా వేస్టని చెప్పింది. గాజు అంటే గుచ్చుకోదా అని చెల్లెలు భయపడింది. అందుకే తొడుగులని కసిరింది. తర్వాత పల్లిపట్టి ఉదాహరణ చెప్పి, కాలేజీలో పిల్లలకు ఇదే చెబుతారంది. ఒకటి రెండు చోట్ల ఆమె చెప్పింది తప్పు. నేను నోరు తెరవబోతే, కత్తెర నా చేతిలో పెట్టి తలుపు కొలతకు బట్ట కత్తిరించమంది.

కత్తిరించి ఇచ్చాను. ఎత్తి తలుపు మీద పెట్టి చూసింది.

"అంచులు తక్కువైనయ్ బిడ్డా. చుట్టూత ఇంకో రెండు వేళ్లు ఎక్కువ ఉండాలె" అని చెప్పి, చెల్లెలి వైపు తిరిగి, "కొత్త గద, నేర్సుకుంటది" అంది.

నేను ఇంకో ముక్క పరిచి, చుట్టూ రెండు వేళ్లు ఎక్కువ వదిలి, మళ్లీ కత్తిరించడం మొదలుపెట్టాను.